వైజాగ్‌లో స్పెషాలిటీ కాఫీ రోస్టింగ్ పెడితే నడుస్తుందా? ఏ మెషీన్ కొనాలి?

నడుస్తుంది. మేలురకం గింజ కొని, దాని సొంత రుచి పోకుండా వేయించి అమ్మే పని ఇది. మద్దిలపాలెంలో ఇంటికి ఆనుకుని ఉన్న షెడ్డులో ఒక్కసారికి ఐదు కిలోలు వేయించే మెషీన్‌తో ఐదేళ్లుగా నడుపుతున్నాను. మెషీన్ సంగతి తర్వాత, ముందు ఒక సాయంత్రం గురించి చెప్పాలి.

మే నెల. డ్రమ్ములో నాలుగు కిలోల పాడేరు అరబికా రకం కాఫీ గింజ. 200 డిగ్రీలకు దగ్గర పడింది, పేలాలు వేగుతున్నట్టు చిటపటలు మొదలయ్యాయి. దాన్నే ఫస్ట్ క్రాక్ అంటారు. సరిగ్గా అప్పుడే ఈదురుగాలి లేచి కరెంటు పోయింది. డ్రమ్ము ఆగితే గింజ ఇనుముకు ఆని మాడిపోతుంది, పొట్టు అంటుకుంటే ఇక మంటే. గ్యాస్ కట్టేసి, చేత్తో బెల్టు తిప్పుతూ గింజనంతా ట్రేలోకి దించాను. ఫ్యాను లేదు కదా, తన వేడికి తనే ఇంకా వేగుతోంది. "ఏటిరా అలా చూస్తావు, పట్టు" అంటూ అమ్మ రెండు చేటలు తెచ్చింది. ఫోన్ వెలుగులో వరండాలో ఇద్దరం చెరిగాం. అమ్మ జుట్టు నిండా పొట్టే. గింజ నల్లబడి నూనె తేలింది.

పారేయడానికి మనసొప్పక చికోరీ (కాఫీలో కలిపే ఒక వేరు) కలిపి పొడి కొట్టి ఎదురింటి మాస్టారికి ఇచ్చాను. "ఇన్నాళ్లకి కాఫీ చేశావు బాబూ" అన్నారాయన. నారింజ వాసన, బెల్లం రుచి అని ఏడాదిపాటు ఆయనకు లెక్చర్లు ఇచ్చినవాణ్ణి, ఒళ్లు మండింది. కానీ ఇవాళ నా అమ్మకాల్లో సగానికి పైగా ఆ ముదురు ఫిల్టర్ పొడే. నన్నడిగితే చికోరీని చిన్నచూపు చూసేవాడు ఈ ఊళ్లో రోస్టింగ్ పెట్టకూడదు. ఎంత శాతం కలిపారో ప్యాకెట్ మీద రాయండి చాలు. ఎలాగూ రాయాలన్నది రూలే.

ఇంకో బాధ. 2019లో అరకు అరబికాకు జీఐ (ఆ ప్రాంతంలో పండినదానికే ఆ పేరు చెల్లుతుందనే గుర్తింపు) వచ్చిందో లేదో, ఏ ప్యాకెట్ చూసినా అరకే. ఇంత కాఫీ ఆ కొండల మీద ఎక్కడ పండుతోందో! రీల్ చేస్తాం, ఫ్రీగా పావుకిలో పంపండి అనేవాళ్లు సరేసరి.

డబ్బు మెషీన్‌లో కన్నా సరుకులో ఎక్కువ ఇరుక్కుంటుంది. కాఫీ పళ్లు కోసేది నవంబరు నుంచి, ఏడాదికి సరిపడా గింజ ఆ సీజన్‌లోనే కొని పెట్టుకోవాలి. పది కిలోలు వేయిస్తే చేతికొచ్చేది ఎనిమిదిన్నరే, ముదురు రోస్ట్‌కి ఇంకా తక్కువ. చాలామంది ఈ తరుగు కలపకుండానే రేటు పెట్టేస్తారు. పైగా మన సముద్రపు తేమ. మొదటి వానాకాలం గోడకు ఆనించి నేల మీద పెట్టిన రెండు బస్తాలు బూజు పట్టి పోయాయి. చెక్క బల్లల మీద పెట్టండి.

మెషీన్ ఏ కంపెనీదైనా పర్లేదు. డ్రమ్మును చేత్తో తిప్పే హ్యాండిల్ ఉందా అని మాత్రం అడగండి. నేను అడగలేదు.