పాత హెచ్‌ఎంవీ గ్రామఫోనుకు కొత్త పూత వేయించాలా?

మీ తాతగారి హెచ్‌ఎంవీ 102 పెట్టె గ్రామఫోనును నెల్లూరు నుంచి చెన్నైకి తెచ్చుకున్నానని, లోహపు భాగాలన్నీ మసకబారి అక్కడక్కడా తుప్పు చుక్కలు వచ్చాయని రాశారు. అంబత్తూరులో పూత వేసేవాళ్ళెవరో "అన్నీ విప్పి ఇచ్చేయండి, క్రోమ్ కొట్టి అద్దంలా చేసిస్తాం" అన్నారట. దయచేసి ఇంకా ఇవ్వకండి. నేనూ చెన్నైలోనే ఉంటాను, చాలా ఏళ్ళుగా కీ ఇచ్చే గ్రామఫోన్లు బాగుచేసుకుంటున్నాను. నా చేతికి వచ్చినవాటిలో తుప్పుతో పాడైనవి కొన్నే. పాలిషుతో పాడైనవే ఎక్కువ. పోయిన పూత మళ్ళీ రాదు, మీద పడ్డ మురికి ఎప్పుడైనా తీయొచ్చు.

ముందు మీ భాగాల మీదున్న పూత నికెలా, క్రోమా తేల్చుకోండి. 102 మోడల్ 1931లో వచ్చింది. నికెల్ వెనక్కి తగ్గి క్రోమ్ వాడకం పెరుగుతున్న రోజులవి. పైగా మధ్యలో ఎవరైనా వేరే పెట్టెలోని భాగాలు బిగించి ఉంటే ఒకే దాంట్లో రెండూ కనిపిస్తాయి. పట్టుకోవడం కష్టమేం కాదు. విప్పిన ముక్కను పగటి వెలుతురులో బాత్రూం కుళాయి పక్కన పెట్టి చూడండి. కుళాయి మీదున్న క్రోమ్‌లో నీలి ఛాయ ఉంటుంది, నికెల్ దాని పక్కన కాస్త పసుపుగా కనిపిస్తుంది. పాతబడే తీరూ వేరే. నికెల్ మొత్తంగా మసకబారుతుంది. క్రోమ్ మసకబారదు, కానీ దానిలోని సన్నటి రంధ్రాల్లోంచి అడుగునున్న ఉక్కు తుప్పు పట్టి చుక్కలు చుక్కలుగా పైకి వస్తుంది.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది సౌండ్‌బాక్స్. అదే, ముల్లు బిగించే గుండ్రటి డబ్బా. ఆ కాలపు సౌండ్‌బాక్సుల్లో చాలావాటికి వెనక భాగం జింకు మిశ్రమంతో పోత పోసింది. ఆ జింకులో సీసం లాంటివి కొద్దిగా కలిసినా చాలు, ఏళ్ళు గడిచేకొద్దీ లోహం లోపల్లోపలే ఉబ్బి చీలికలు వస్తాయి. డబ్బా టోన్ ఆర్మ్‌కి, అంటే దాన్ని మోసే వంకర గొట్టానికి, తగిలే మెడ దగ్గర భూతద్దంతో చూడండి. వెంట్రుకలాంటి గీతలు కనిపిస్తే దాన్ని బలవంతంగా తిప్పి ఊడదీయకండి. దీన్ని పూత తొట్టిలో ముంచనివ్వనే వద్దు, ఆమ్లమైనా క్షారమైనా జింకును తినేస్తుంది. ముందువైపు పల్చటి అల్యూమినియం రేకు ఉంటుంది, పాటంతా దాని అదురు మీదే ఆధారపడి ఉంది. వేలితో నొక్కకండి, దగ్గర్లో ద్రవం పాలిషు వాడకండి. సన్నటి పుల్లకు దూది చుట్టి పొడిగా తుడిస్తే చాలు.

నికెల్ భాగాలకు గోరువెచ్చటి సబ్బునీళ్ళు, మెత్తటి టూత్‌బ్రష్ చాలు. పాత గ్రీజు గట్టిపడి ఉంటే కిరసనాయిల్‌తో మెత్తబరిచి తీయండి. కడిగిన వెంటనే తుడిచి హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టాలి, మరమేకుల గుంటల్లో నీటి చుక్క కూడా మిగలకూడదు. బ్రాసో లాంటి లోహపు పాలిషుల్లో రాపిడి పొడి ఉంటుంది. ఇంట్లో పూజ సామాను తోమినట్టు తోమారా, పూత పోతుంది. గుడ్డ మీద నల్లగా వస్తుంటే మురికే వదులుతోందని అనుకుంటాం, కానీ అందులో నికెల్ కూడా ఉంటుంది. అంచుల దగ్గర పసుపు తొంగిచూసిందంటే అడుగున ఇత్తడి బయటపడిందన్నమాట, అక్కడితో ఆపేయాలి. నా 102కి మూత కొక్కెం మీద, బొటనవేలు ఆనే చోట, నికెల్ అరిగి చిన్న ఇత్తడి మచ్చ ఉంది. ఎన్ని చేతులు దాన్ని తెరిచాయో! దాన్ని అలాగే ఉంచుకున్నాను.

నికెల్ మీద తుప్పు చుక్కలుంటే కుట్టు మిషను నూనె రాసి రాత్రంతా వదిలేయండి. తెల్లారి పాత రాగి కాణీ అంచుతో మెల్లగా గీకండి. రాగి నికెల్ కంటే మెత్తన కాబట్టి గీతలు పడవు. క్రోమ్ అయితే వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ను ఉండలా నలిపి, నీళ్ళలో తడిపి, చుక్క మీద రుద్దండి. గోధుమరంగు బురదలా వచ్చేస్తుంది. తుడిచి ఆరబెట్టండి.

చింతపండుతో తోమొచ్చా అని కూడా అడిగారు. పూత లేని ఇత్తడి బూరకైతే సరే, అదీ కాసేపే. ఎక్కువసేపు ఉంచితే ఇత్తడిలోని జింకు వదిలి, రాగి మిగిలి గులాబీ రంగు తేలుతుంది. పూత ఉన్న భాగాల మీద మాత్రం వద్దు, ఆ పులుపు రంధ్రాల్లోంచి లోపలికి దిగుతుంది. అన్నట్టు, స్పిరిట్‌తో గ్రామఫోను ప్లేట్లు ఎప్పుడూ తుడవకండి. అవి లక్కతో చేసినవి, స్పిరిట్‌లో లక్క కరిగిపోతుంది.

ఏ భాగానికైనా పూత పొరలుగా లేచిపోయి ఉంటే, ఉదాహరణకు మూత మూలల రేకులకు, ఆ ఒక్కటే వేయించండి. ఉన్నది నికెల్ అయితే నికెలే వేయమనండి. ఒక చోట అచ్చం కొత్త క్రోమ్ మెరుస్తుంటే పక్కనున్న పాతవన్నీ వెలవెలబోతాయి. అక్షరాలు చెక్కిన చోట బఫ్ చక్రం, అంటే మెరుగుపెట్టే గుడ్డ చక్రం, పెట్టవద్దని గట్టిగా చెప్పండి. ఇక స్ప్రింగు ముక్క ఏదీ ఇవ్వకండి, బ్రేకుదైనా, వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్‌దైనా. పూతకు ముందు ఆమ్లంలో వేస్తారు, అప్పుడు గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ చేరి అది పెళుసుగా మారుతుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది, వాడుతుంటే విరుగుతుంది.

శుభ్రం చేశాక మైనపు పాలిషు పల్చగా పూసి తుడిచేయండి. మన ఊళ్ళో సముద్రపు గాలిలో ఉప్పుంటుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెమ్మ. ఆ నెలల్లో పెట్టెలో సిలికాజెల్ సంచి వేసి, ఎండ కాసిన రోజున మూత తెరిచి ఉంచండి. సౌండ్‌బాక్స్ వెనక భాగం, టోన్ ఆర్మ్ అడుగుభాగం ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి. చీలికలున్నాయో లేవో చూసి చెబుతాను, అప్పటిదాకా సౌండ్‌బాక్సును తిప్పకండి.