సీల్ మార్చినా సైడ్‌కార్ బుల్లెట్‌లో గేర్ ఆయిల్ మళ్లీ ఎందుకు కారుతుంది?

మీరు అడిగింది ఇదీ: పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350, నాలుగు గేర్లు, కుడికాలితో వేసే గేరు, ఎడమ పక్క సైడ్‌కార్. రాత్రి పెట్టిన బండి కింద తెల్లారేసరికి గేర్‌బాక్స్ దగ్గర ఆయిల్ మడుగు. సీల్ (షాఫ్ట్ చుట్టూ ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగు) మార్పించారు, కొన్నాళ్లు ఆగి మళ్లీ మొదలైంది. ఇప్పుడు ఒక మెకానిక్ ఆయిల్ తీసేసి గ్రీజు కుక్కేద్దాం అంటున్నాడు, ఒప్పుకోవచ్చా అని.

ఒప్పుకోకండి. సీల్ ఒక్కటే మారిస్తే ఈ లీక్ ఆగదు, గ్రీజు కుక్కితే గేర్‌బాక్సే పోతుంది. అసలు తేల్చుకోవాల్సింది, ఆ సీల్ లోపల తిరిగే షాఫ్ట్ ఎందుకు ఊగుతోంది అన్నది.

రాజమండ్రిలో మా ఇంట్లోనూ ఇలాంటి బండే ఉంది. అమ్మకు మోకాళ్లు అరిగిపోయి బండి వెనక కాలు తిప్పి కూర్చోలేదు, అందుకే సైడ్‌కార్ పెట్టించాం. ఆసుపత్రికైనా, అన్నవరం కొండకైనా అందులోనే. మాకూ సరిగ్గా ఇదే జరిగింది. కొత్త సీల్ వేశారు, కారింది. ఇంకో చోట ఇంకో సీల్ వేశారు, అదీ కారింది. వేసిన సీళ్లలో దోషం లేదని, వాటిని ఏదో తినేస్తోందని అప్పటికి గానీ తెలియలేదు.

ముందు కారేది ఏ ఆయిలో తేల్చుకోండి. మీ బండిలో ఇంజిన్‌కు ఒక ఆయిల్, ఎడమ పక్క ప్రైమరీ కేసులో (ఇంజిన్ నుంచి క్లచ్‌కు పోయే చైన్ ఉండే పెట్టె) ఒక ఆయిల్, గేర్‌బాక్స్‌లో ఒక ఆయిల్, మూడూ వేర్వేరు గదుల్లో ఉంటాయి. (తర్వాత వచ్చిన, ఇంజిన్, గేర్‌బాక్స్ ఒకే కేసులో ఉండే యూసీఈ ఇంజిన్లలో అన్నింటికీ ఒకటే ఆయిల్ కాబట్టి ఆ బండ్లున్నవాళ్లకు ఈ సమాధానం పనికిరాదు.) వాడిన ఇంజిన్ ఆయిల్ నల్లగా, పల్చగా ఉంటుంది. ప్రైమరీలో కొందరు ఎర్రటి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల ఆయిల్) పోస్తారు, కొందరు ఇంజిన్ ఆయిలే పోస్తారు. గేర్ ఆయిల్ చిక్కగా ఉండి, వేళ్ల మధ్య రుద్దితే గంధకం వాసన ముక్కుకు గుచ్చుకుంటుంది. ఒక్కసారి చూస్తే మళ్లీ మర్చిపోరు. ఇది తేల్చకుండా బండి విప్పనివ్వకండి. ఇంజిన్ లోపలి గాలిని బయటికి వదిలే బ్రీదర్ పైపు నుంచి పడే ఆయిల్ కూడా గాలికి వెనక్కి కొట్టుకుపోయి గేర్‌బాక్స్ మీద పేరుకుంటుంది. దాన్ని చూసి గేర్‌బాక్స్ లీక్ అని విప్పేసినవాళ్లున్నారు.

తర్వాత ఎక్కణ్ణుంచి కారుతోందో చూడాలి. గేర్‌బాక్స్ చుట్టూ, చైన్ స్ప్రాకెట్ (గేర్‌బాక్స్ దగ్గర చైన్‌ను తిప్పే పళ్ల చక్రం) చుట్టూ బ్రష్‌తో కిరసనాయిలు గానీ డీజిల్ గానీ కొట్టి కడగండి. పాత జిడ్డు ముక్కలతో సహా పోవాలి. గుడ్డతో తుడిచి బాగా ఆరనివ్వండి. ఆరాక మామూలు టాల్కం పౌడర్ చల్లండి. కవర్ అంచుల మీద, కిక్ షాఫ్ట్ చుట్టూ, గేర్ లివర్ షాఫ్ట్ దగ్గర, డ్రెయిన్ బోల్టు మీద, స్ప్రాకెట్ వెనక చెయ్యి పట్టినంత మేర. అమ్మనో నాన్ననో కూర్చోబెట్టి, బండి బాగా వేడెక్కేదాకా తిప్పి తీసుకొచ్చి టార్చి వేసి చూడండి. తెల్లటి పౌడర్‌లో తడి మొదట ఎక్కడ ముదురు రంగుకు తిరిగిందో అదే లీక్ మొదలు. దాని కిందంతా జారి వచ్చిందే. మా బండికి స్ప్రాకెట్ వెనక సన్నటి అర్ధచంద్రాకారంలో తడి కనిపించింది, కవర్ అంచులన్నీ పొడిగా తెల్లగానే ఉన్నాయి.

డ్రెయిన్ బోల్టు దగ్గర తడి ఉంటే వాషర్ మార్చండి. కవర్ అంచు దగ్గరైతే కొత్త పేపర్ గ్యాస్కెట్ వేసి స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి. సిలికాన్ పేస్టు దిట్టంగా రాయనివ్వకండి, లోపలికి పొంగిన ముక్కలు ఊడి ఆయిల్‌లో తిరుగుతాయి. కిక్ షాఫ్ట్ దగ్గరైతే ఓ-రింగ్. ఇవన్నీ కుడి పక్క, సైడ్‌కార్ అడ్డం లేకుండా అయ్యే చిన్న పనులు.

తడి స్ప్రాకెట్ వెనక కనిపిస్తేనే అసలు పని. మీరు రాసిన లక్షణాలు చూస్తే నాకు అదే అనిపిస్తోంది. సైడ్‌కార్ బళ్లకు ఇది మామూలు బళ్ల కంటే ఎందుకు ఎక్కువంటే, అదే ఇంజిన్ ఇప్పుడు సైడ్‌కార్ తొట్టినీ, మూడో చక్రాన్నీ, అందులో మనిషినీ లాగుతోంది. ఫస్టు, సెకండ్ గేర్లలో ఎక్కువ సేపు నడుస్తుంది. ఆ లాగుడంతా చైన్ ద్వారా స్ప్రాకెట్ మీద, స్ప్రాకెట్ బిగించి ఉన్న స్లీవ్ గేర్ మీద, దాన్ని మోసే బేరింగ్ మీద పడుతుంది. పైగా మన దగ్గర ఒక అలవాటుంది. సైడ్‌కార్ బండికి చైన్ లూజుగా ఉంటే టకటకమని కొడుతుందని టైట్‌గా లాగి పెట్టేస్తారు. మనిషి ఎక్కి స్ప్రింగులు కుంగాక ఆ చైన్ వీణ తీగలా బిగుసుకుంటుంది. అది రోజూ బేరింగ్‌ను వెనక్కి లాగుతూనే ఉంటుంది. బేరింగ్ అరిగాక స్లీవ్ గేర్ నడుమ మీద తిరగదు, కొంచెం పక్కకు కొట్టుకుంటూ తిరుగుతుంది. రబ్బరు సీల్ ఎంత మంచిదైనా ఆ కొట్టుకోవడానికి దాని పెదవి ఒకవైపు అరిగిపోతుంది. కొత్త సీల్ కొన్నాళ్లు పట్టుకుని మళ్లీ వదిలేసేది ఇందుకే.

దీన్ని గేర్‌బాక్స్ విప్పకుండానే పట్టుకోవచ్చు. బండి కింద చెక్క దిమ్మ పెట్టి వెనక చక్రం నేలకు తగలకుండా లేపండి. చైన్ లింకు ఊడదీసి చైన్ తీసేయండి. స్ప్రాకెట్‌ను చేత్తో గట్టిగా పట్టుకుని పైకీ కిందికీ, ముందుకీ వెనక్కీ ఆడించండి. చేతికి టక్కుమని ప్లే (వదులు) తెలిస్తే బేరింగ్, లోపలి బుష్ (షాఫ్ట్ తిరిగే లోహపు గొట్టం) చూడాల్సిందే. అప్పుడు సీల్ ఒక్కటే మారుస్తామనే మెకానిక్‌కు బండి ఇవ్వకండి. అదే సమయంలో గేర్‌బాక్స్‌ను ఇంజిన్ వెనక పట్టి ఉంచే స్టడ్ల నట్లు కూడా స్పానర్ వేసి చూడండి. సైడ్‌కార్ లాగుడుకు ఫ్రేమ్ మెలితిరుగుతూ ఉంటుంది కాబట్టి అవి లూజవుతాయి. అవి లూజైతే గేర్‌బాక్స్ రవ్వంత కదిలి ప్రైమరీ కేసు వెనక సీల్ కూడా దారి తప్పుతుంది.

పని ఎడమ పక్క. సైడ్‌కార్ కూడా ఎడమ పక్కే. మెకానిక్‌లు ఈ పని సగంలో వదిలేయడానికి ఇదే పెద్ద కారణం అని నా నమ్మకం. ఫుట్‌రెస్ట్, బ్రేక్ పెడల్ తియ్యాలి, ప్రైమరీ కవర్ తియ్యాలి, ఆల్టర్నేటర్, క్లచ్, ప్రైమరీ చైన్ తియ్యాలి, లోపలి కేసు తియ్యాలి. అప్పటికి గానీ స్ప్రాకెట్ నట్ కనపడదు. తొట్టికీ బండికీ మధ్య ఒంగి ఇదంతా చేసేసరికి ఎవరికైనా ఓపిక పోతుంది. మా బండికి చాసిస్ అలాగే ఉంచి తొట్టి ఒక్కటే దించేస్తే, చిన్న స్టూలు వేసుకుని కూర్చునేంత చోటు వచ్చింది. మీ బండికి అది కుదరక సైడ్‌కార్ మొత్తం విప్పాల్సి వస్తే, విప్పే ముందు ప్రతి క్లాంపు దగ్గరా, సర్దుబాటు మరల మీదా పెయింటుతో గీత పెట్టుకోండి. ఆ కొలతలు తప్పితే తర్వాత బండి ఒక పక్కకు లాగుతుంది, ముందు టైరు తినేస్తుంది.

స్ప్రాకెట్ ఊడాక స్లీవ్ మీద సీల్ రాసుకునే చోట గోరు పెట్టి అడ్డంగా గీయండి. గోరు గాడిలో పడితే కొత్త సీల్ కూడా అదే గాడిలో కూర్చుని కారుతుంది. గాడి పైపైన ఉంటే సన్న ఎమరీ కాగితంతో నునుపు చేసి, సీల్‌ను పాత చోటు కంటే ఒక మిల్లీమీటరు లోపలికో బయటికో కూర్చోబెడితే తాజా ఉక్కు మీద తిరుగుతుంది. లోతుగా ఉంటే లేత్ షాపులో స్లీవ్ వేయించాలి, లేదా ఆ భాగమే మార్చాలి. సీల్‌లో స్ప్రింగు ఉన్న వైపు ఆయిల్ వైపుకు ఉండాలి. తిరగేసి కొట్టిన సీళ్లు నేను చూశాను. బేరింగ్ నంబరు పాతదాని మీదే చెక్కి ఉంటుంది, పేరున్న కంపెనీది అదే నంబరుతో తీసుకోండి. నట్ ఏ వైపు తిరిగితే వదులవుతుందో మీ మోడల్ మాన్యువల్‌లో చూశాకే స్పానర్ వేయండి.

గ్రీజు సంగతి. మీ బండిలో ఉన్న ఈ ఆల్బియన్ (పాత ఇంగ్లండ్ కంపెనీ) రకం గేర్‌బాక్సులు ఇంగ్లండ్‌లో పుట్టిన కాలంలో పల్చని గ్రీజు వాడమన్న మాట నిజమే, మీ మెకానిక్ ఎక్కడో అదే విని ఉంటాడు. కానీ మన దగ్గర కుక్కేది చక్రాల బేరింగులకు వాడే గట్టి గ్రీజు. గేర్లు అందులో తమకు కావలసినంత దారి తవ్వుకుని తిరుగుతాయి, మిగతాది గోడలకు అంటుకుని అలాగే ఉండిపోతుంది. బుష్‌లకు, బేరింగులకు ఏమీ అందదు. బరువు లాగే బండికి అది ఇంకా ప్రమాదం. కారడం తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల అరుగుదల పెరుగుతుంది. ఈపీ 90 గానీ 80డబ్ల్యూ-90 గానీ గేర్ ఆయిలే పోయించండి. అందులో జీఎల్-4 రకం అడగండి, లోపల ఇత్తడి జాతి బుష్‌లుంటాయి కాబట్టి.

ఎంత పోయాలన్నదీ సైడ్‌కార్ బండికి పేచీయే. మన రోడ్లు మధ్యలో ఎత్తుగా, అంచులకు వాలుగా ఉంటాయి. ఎడమ అంచున ఆపితే మూడు చక్రాల బండి ఆ వాలుకే నిలబడుతుంది, సెంటర్ స్టాండ్ వేసి నిటారుగా పెట్టే వీలు లేదు. ఆయిలంతా ఎడమకు, అంటే సరిగ్గా ఆ సీల్ వైపుకు చేరుతుంది. లెవెల్ స్క్రూ ఉన్నది కుడి కవర్ మీద. అక్కడే స్క్రూ తీసి చూస్తే ఆయిల్ రాదు, తక్కువుందనుకుని ఇంకా పోస్తారు. ఎక్కువైన ఆయిల్ వేడెక్కాక కిక్ షాఫ్ట్ నుంచీ, క్లచ్‌ను నెట్టే పుష్‌రాడ్ కడ్డీ వెంటా బయటికి తన్నుకొస్తుంది. అందుకని సమతలంగా ఉన్న గచ్చు మీద పెట్టి, తొట్టిలో ఎవరూ లేకుండా లెవెల్ చూడండి. రాత్రిళ్లు కూడా వీలైతే సమంగా ఉన్న చోటే పెట్టండి. మాకు ఈ ఒక్క మార్పుకే, బేరింగ్ పని చేయించక ముందే, తెల్లారి కనపడే మడుగు బాగా చిన్నదైంది.

క్లచ్ జారుతోందా అన్నది మీరు రాయలేదు. మీరు పోయకుండానే ప్రైమరీలో ఆయిల్ మట్టం పెరిగి, గంధకం వాసన వస్తుంటే గేర్ ఆయిల్ లోపలి దారిలో అటు పోతున్నట్టు. అలాగైతే క్లచ్ ప్లేట్లు కూడా కడిగించాలి.

పని అయ్యేదాకా ఒక్క విషయంలో మాత్రం అలక్ష్యం చేయకండి. ఆ స్ప్రాకెట్ నుంచి ఆయిల్ చైన్ వెంట వెనక్కి పోయి వెనక బ్రేక్ డ్రమ్ము మీద, టైరు మీద చిమ్ముతుంది. తొట్టిలో పెద్దవాళ్లను కూర్చోబెట్టుకుని బ్రేక్ కొడితే పట్టకపోవచ్చు. బయల్దేరే ప్రతిసారీ టైరు అంచు గుడ్డతో తుడిచి చూడండి. గుడ్డకు జిడ్డు అంటితే ఆ రోజు ఆటోలో పంపండి. బేరింగ్ పని చేయించాక చైన్‌ను తొట్టిలో మనిషిని కూర్చోబెట్టే చూడండి. చక్రం తిప్పుతూ చైన్ అన్నింటికంటే బిగుతుగా వచ్చే చోట కూడా వేలితో నొక్కితే కదలాలి.

పౌడర్ చల్లి చూశాక తడి మొదట ఎక్కడ కనిపించిందో, స్ప్రాకెట్‌లో ప్లే ఎంత తెలిసిందో ఇక్కడే రాయండి. తొట్టి చాసిస్‌కు ఎన్ని బోల్టులతో ఉందో ఒక ఫోటో పెడితే, దించకుండా పని అవుతుందో లేదో కూడా చెప్తాను.