ఏడెన్ దారిన వెళ్ళే మేనల్లుడికి

విశాఖపట్నం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ ఓడ ఏడెన్ గల్ఫ్ దాటుతుందని మీ అమ్మ చెప్పింది. 2023 చివర్లో సోమాలియా సముద్రపు దొంగలు మళ్ళీ దిగారు. బయల్దేరే ముందే ఇది చదువు.

ఎక్కిన రోజే సిటడెల్, అంటే దొంగలు ఎక్కితే సిబ్బందంతా దూరి తలుపేసుకునే గట్టి గది, ఎక్కడుందో చూసుకో. దీపాలార్పి నీ క్యాబిన్ నుంచి అక్కడిదాకా నడు. ఒక్కడు బయట చిక్కినా నేవీ కమాండోలు దిగడానికి వెనకాడతారు. కాబట్టి లోపలికొచ్చిన తలల లెక్క సరిపోవాలి, ఇంజను ఆగాలి. ఇనప గదిలో వీహెచ్‌ఎఫ్ రేడియోను నమ్ముకోకూడదు, శాటిలైట్ ఫోను పలుకుతోందో లేదో సెకండ్ ఆఫీసర్ని అడుగు. 2024 జనవరిలో లీలా నార్ఫోక్ ఓడ సిబ్బంది 21 మందీ, అందులో 15 మంది మనవాళ్ళే, సిటడెల్ లోపలే ఉన్నారు. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ చెన్నై వెళ్ళి క్షేమంగా బయటికి తెచ్చింది. 2021లో గినీ గల్ఫ్‌లో మోజార్ట్ ఓడ సిటడెల్‌నైతే దొంగలు పగలగొట్టి 15 మందిని ఎత్తుకుపోయారు. తలుపు గడియలు నీ చేత్తో తోసి చూడు.

దొంగలు ఎక్కకుండా ఓడ చుట్టూ కట్టే రేజర్ వైరు (బ్లేళ్ళ తీగ) 10 మీటర్ల ముక్కలైతే మొయ్యడం తేలిక. చుట్ట విప్పగానే మొహం మీదికి ఎగురుతుంది, మందపాటి గ్లవ్స్, కళ్ళద్దాలు లేకుండా ముట్టుకోకు. రెయిలింగు బయటికి రెండు వరసలు రావాలి. మధ్యలోంచి ఉక్కు తాడు దూర్చి ఓడకు కట్టకపోతే దొంగల నిచ్చెన కొక్కేనికే ఊడొస్తుంది.

సరుకు నిండిన బల్క్ క్యారియర్ (బొగ్గు, ధాన్యం లాంటివి గుట్టగా మోసే ఓడ) నీటికి దగ్గరగా, మెల్లగా పోతుంది. 18 నాట్ల వేగం (గంటకు సుమారు 33 కిలోమీటర్లు) దాటిన ఓడెక్కడం వాళ్ళకు గగనం, కానీ బల్క్ క్యారియర్లు మామూలుగా అంత వేగం అందుకోలేవు. వాచ్ (కాపలా డ్యూటీ)లో ఓడ వెనకవైపు చూడ్డం వదలకు. ఫిషింగ్ హార్బరు పడవలు చూసి పెరిగినవాడివి. వలల్లేకుండా నిచ్చెన మోస్తున్న పడవ కనిపిస్తే వెంటనే బ్రిడ్జికి (ఓడ నడిపే గదికి) చెప్పు.

నేవీ దిగితే బోర్లా పడుకో, ఖాళీ చేతులు తలమీద కనబడాలి. ఫోను ఫ్లాష్ వెయ్యకు.

కాగితాల విషయంలో మాత్రం మొహమాటపడకు. దొంగలు పట్టుకున్న అస్ఫాల్ట్ వెంచర్ ఓడకు 2011లో విడుదల డబ్బు ముట్టాక కూడా ఏడుగురు భారతీయుల్ని 2014 అక్టోబరు దాకా వదల్లేదు. ఇంటి దగ్గర వాళ్ళ వాళ్ళు ఏమైపోవాలి? 2020 డిసెంబరు 26 నుంచి, చెరలో ఉన్నంతకాలం ఒప్పందం గడువు తీరినా జీతం ఆగకూడదన్న నిబంధన అమల్లో ఉంది. అది అడిగి తీసుకోవాల్సింది మీ అమ్మే. ఒప్పందం నకలు, ఏజెంటు ఆర్‌పీఎస్‌ఎల్ (నావికుల్ని ఉద్యోగంలో పెట్టే లైసెన్సు) నంబరు తనకిచ్చి వెళ్ళు. ఆ నంబరు కేంద్ర ప్రభుత్వ డీజీ షిప్పింగ్ జాబితాలో లేకపోయినా, ఉద్యోగానికి డబ్బు అడిగినా సంతకం పెట్టకు.

మీ మావయ్య