సైట్ సామాను అంతా ఒకే సప్లయర్‌కు అప్పగించవచ్చా?

హైదరాబాద్ శివార్లలో మీకున్న మూడు అపార్ట్‌మెంట్ సైట్లకు సెంట్రింగ్ సామాను (కాంక్రీటు గట్టిపడేదాకా కింద మోసేది), మిషన్లు, మేకుల వంటి చిల్లర సరుకు అంతా ఒకే సప్లయర్‌కు అప్పగించవచ్చా, రేటు ఎంతవరకు బేరమాడాలి అని అడిగారు. అప్పగించవచ్చు. బాచుపల్లి, కొంపల్లి వైపు సైట్లలో చాలాకాలంగా స్టోర్ చూస్తున్నాను కాబట్టి చెబుతున్నాను: రేటు మీద పెట్టే సమయంలో సగం, సామాను వెనక్కి వెళ్లే పద్ధతి మీద పెట్టండి. అద్దె సామానులో డబ్బు పోయేది అక్కడే.

కాంక్రీటు పోసే ప్లేట్లు, వాటిని కింద నుంచి మోసే జాకీలు, అడ్డంగా వేసే స్పాన్లు రోజుకు ఇంత అద్దె అని వస్తాయి. సప్లయర్ యార్డుకు తిరిగి చేరేదాకా అద్దె నడుస్తూనే ఉంటుంది. ఎన్ని రోజులు ఉంచాలో మన ఇష్టం కాదు. కాంక్రీటు పనికి దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం, మామూలు ఓపీసీ (ఆర్డినరీ పోర్ట్‌లాండ్) సిమెంటుతో వేసిన స్లాబుకు, జాకీలను వెంటనే తిరిగి బిగించేటట్లయితే ప్లేట్లు 3 రోజులకు తీయవచ్చు. జాకీలు మాత్రం ఆధారాల మధ్య దూరం 4.5 మీటర్ల వరకు ఉన్న స్లాబుకు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉండాలి. బీముల కింద జాకీలకు 6 మీటర్ల వరకు 14 రోజులు, ఆపైన 21. బూడిద వంటివి కలిసిన పీపీసీ సిమెంటు వాడినా, పైన ఇంకో స్లాబు బరువు పడబోతున్నా మీ ఇంజినీరు చెప్పిన తేదీయే లెక్క. అద్దె మిగులుతుందని ఒక్కరోజు కూడా ముందు విప్పనివ్వకండి.

అంటే ప్లేట్లకు ఒక తేదీ, జాకీలకు మరో తేదీ. చాలా సైట్లలో లారీ కిరాయి కలిసివస్తుందని అన్నీ కలిపి చివర్లో ఒకేసారి పంపుతారు. విప్పిన ప్లేట్లు వారం పదిరోజులు మూలన పడి ఉంటే అయ్యే అద్దెను, ఒక ట్రిప్పు కిరాయిని పక్కపక్కన వేసి చూడండి. పెద్ద స్లాబయితే ట్రిప్పే చౌక. మీకు మూడు సైట్లు ఉన్నాయి కాబట్టి ఇంకా మంచి దారి ఉంది: యార్డుకు పంపకుండా ఒక సైట్ నుంచి మరో సైట్‌కు మార్చుకునే హక్కు ఒప్పందంలో రాయించుకోండి. మార్చిన ప్రతిసారీ చలానా రాసి సప్లయర్‌కు ఒక కాపీ పంపాలి.

లెక్క సంగతి. ఒక సప్లయర్ మా దగ్గర సామాను తీసుకెళ్లి, కొన్ని వారాల తర్వాత పిన్నులు, కాలర్లు, క్లాంపులు వంటి చిన్న భాగాలు తక్కువ వచ్చాయని బిల్లు పంపాడు. లెక్క ఆయన యార్డులో జరిగింది, మన మనిషి అక్కడ లేడు. అప్పటినుంచి ఏ సప్లయర్‌తోనైనా మా షరతు ఒకటే. ఎక్కేటప్పుడైనా దిగేటప్పుడైనా మన గేటు దగ్గరే లెక్క, ఇద్దరి సంతకం, లారీ మీద ఉండగా ఫోటో. నగరంలోకి లారీలు ఎక్కువగా రాత్రిళ్లే వస్తాయి. వాచ్‌మన్ చేత సంతకం పెట్టించి వెళ్లిపోతామంటే ఒప్పుకోకండి. పోయిన వస్తువుకు, వంగిన ప్లేటుకు, అంటిన కాంక్రీటు గీకినందుకు ఎంత పడుతుందో ముందే ధరల పట్టీ తీసుకోండి. పాత ప్లేటు పోతే కొత్త ప్లేటు ధర కట్టమనే వాళ్లున్నారు, ఆ షరతు అక్కడే కొట్టేయించండి.

ఇంకొకటి, సంక్రాంతికి శ్రీకాకుళం మేస్త్రీలు, ఛఠ్ పండుగకు బీహారు కూలీలు ఊళ్లకు వెళతారు. పని ఆగినా అద్దె ఆగదు. ఆ రోజులకు సగం అద్దె అడిగితే, ఏడాది పొడవునా పని ఇచ్చేవారికి చాలామంది ఒప్పుకుంటారు.

మిషన్లలో కాంక్రీటు పగలగొట్టే బ్రేకరు, గుండ్రటి రంధ్రాలు వేసే కోర్ కటింగ్ మిషను వంటివి అవసరమైన రోజుకు తెచ్చుకోవడమే మేలు. కాంక్రీటును కుదించే వైబ్రేటరు అద్దెదే అయినా, అందులో దించే గొట్టం, అంటే నీడిల్, అదనంగా ఒకటి మాత్రం మీ స్టోర్‌లో ఉండాలి. స్లాబు మధ్యలో నీడిల్ ఆగితే సప్లయర్ మనిషి వచ్చేలోపు కాంక్రీటు బిగుసుకుంటుంది, ఆ జాయింటు తర్వాత నీళ్లు కారుతుంది. తాపీ, బద్ద, గుండు, మట్టం వంటి చేతి పనిముట్లను సప్లయర్ దగ్గర తీసుకోకండి. మేస్త్రీ తన చేతికి అలవాటైన పనిముట్టుతోనే బాగా పనిచేస్తాడు.

మేకులు, బైండింగ్ వైరు, డ్రిల్ బిట్లు, కటింగ్ వీల్స్ వంటివాటికి సప్లయరే సైట్‌లో తాళం ఉన్న ర్యాకు పెట్టి, వారానికోసారి నింపి, ఖర్చయిన దానికే బిల్లు వేసే పద్ధతి నాకు బాగా నచ్చింది. తాళంచెవి మాత్రం మీ స్టోర్ మనిషి దగ్గరే ఉండాలి. అరిగినది ఇస్తేనే కొత్తది ఇవ్వండి. కటింగ్ వీల్ మధ్య రింగు మీద గడువు తేదీ చూడండి, రెజిన్ జిగురుతో చేసిన వీల్స్‌కు సాధారణంగా తయారైన నాటినుంచి మూడేళ్లు. గడువు దాటినవి తిరుగుతూ పగిలే ప్రమాదం ఉంది. సప్లయర్ పాత స్టాకు మన ర్యాకులో సర్దకుండా చూసుకోవాలి.

సప్లయర్‌కు జీఎస్టీ నంబరు ఉందా అనేది మొదట అడగాల్సిన ప్రశ్న. మీరే ఫ్లాట్లు కట్టి అమ్మే బిల్డరయితే, 2019 ఏప్రిల్ 1 నుంచి అమలైన 5 శాతం జీఎస్టీ పద్ధతిలో ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ల మీద కట్టిన పన్నును మినహాయించుకోవడం) రాదు. కాబట్టి అద్దె మీద పడే 18 శాతం జీఎస్టీ నేరుగా మీ ఖర్చే, రేట్లు పోల్చేటప్పుడు అది కలిపే పోల్చండి. నంబరు లేని వాడి దగ్గర చౌకగా వస్తుందని వెళ్లడానికీ హద్దుంది. మీ కొనుగోళ్లలో కనీసం 80 శాతం రిజిస్టరయినవారి నుంచే ఉండాలి, తగ్గిన మేరకు 18 శాతం మీరే కట్టాలి. సిమెంటుకు ఆ వెసులుబాటు కూడా లేదు, నంబరు లేనివారి దగ్గర కొన్న ప్రతి బస్తాకూ పన్ను మీదే.

హెల్మెట్లు, సేఫ్టీ బెల్టులు మాత్రం అద్దెకు తేవద్దు. ఎవరు ఎక్కడ వాడారో, ఏ బెల్టు ఒకసారి మనిషి బరువును ఆపిందో బయటికి కనిపించదు. అలా ఆపిన బెల్టును మళ్లీ వాడకూడదు. ఐఎస్ఐ మార్కు ఉన్నవి కొత్తవి కొని, ప్రతిదానికీ నంబరు వేసి, మనిషి పేరు మీద ఇవ్వండి.