నాలుగు నిమిషాలు ఆమె ఏమీ మాట్లాడలేదని రాశావు కదా

బిడ్డా,

నీ మెసేజ్ రాత్రే చూశాను. ఫోన్లో పొడుగ్గా టైప్ చేయాలంటే నాకు కళ్లు లాగుతాయి, అందుకే పొద్దున్నే చాయ్ తాగి కూర్చున్నాను.

కేసు పని మీద దేవరకొండ అవతలి తండాకు వెళ్లి ఒకామెను ఇంట్లో గొడవ గురించి అడిగితే నాలుగు నిమిషాలు నోరు తెరవలేదని, నీకు చెమటలు పట్టాయని, చివరికి ఉండబట్టలేక గబగబా ఆరేడు ప్రశ్నలు వేసి ఫారం నింపుకుని బయటపడ్డావని రాశావు. అవి నాలుగు నిమిషాలు అయి ఉండవు. కొత్తలో నేనూ అలాగే అనుకునేదాన్ని, ఒకసారి ఎదురుగా గోడ గడియారం ఉన్న ఇంట్లో కూర్చున్నప్పుడు చూస్తే నలభై సెకన్లు కూడా కాలేదు. ఎదుటివాళ్లు మాట్లాడకపోతే మనకు పని చేయడం లేదేమో అనిపిస్తుంది, పైగా ఒళ్లో ఫారం ఉంటుంది, దాంట్లో ఖాళీలుంటాయి, ఆఫీసులో సాయంత్రం అడుగుతారు. ఆ టెన్షనంతా తీసుకెళ్లి ఆమె మీద పెడతాం.

నా చేతుల మీదుగా జరిగిన తప్పు ఒకటి చెప్తాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. మహబూబ్‌నగర్ వైపు ఒక ఊళ్లో, చేతికి కట్టుతో ఒకావిడ. ఎవరు కొట్టారమ్మా అన్నాను. నేల చూసింది. నేను ఆగలేకపోయాను. "మీ ఆయనేనా?" అన్నాను, తల ఊపింది, రాసేసుకున్నాను. ఆయన్ను స్టేషన్‌కు పిలిపించి పొద్దంతా కూర్చోబెట్టారు. కొట్టింది కొడుకు, భూమి తన పేరు మీద ఇంకా రాయలేదని. కన్న కొడుకు పేరు చెప్పడానికి ఆ తల్లికి నోరు రాలేదు, నేనేమో మొగుడి పేరు అందించాను, ఆమె దాన్ని పట్టుకుంది. తర్వాత ఆ పెద్దాయన బస్టాండులో కనిపించి నాకు నమస్తే పెట్టాడు. తిట్టినా బాగుండేది. అప్పటినుంచి తల ఊపితే దాన్ని జవాబుగా రాసుకోను, మాట వచ్చేదాకా ఆగుతాను.

ఇక ఎందుకు మాట్లాడరు అంటే, ఒక్కొక్కరిది ఒక్కో కారణం. నువ్వు వెళ్లింది తండాకు. ఆమె ఇంట్లో మాట్లాడేది లంబాడీ. నీ తెలుగు ఆమెకు అర్థమవుతుంది, కానీ ఏడుపొచ్చే సంగతి తెలుగులో పేర్చుకోవాలంటే టైం పడుతుంది, మనం ఇంగ్లిష్‌లో ఇంటర్వ్యూ ఇచ్చినట్టు. ఆ టైములో నువ్వు ఇంకో ప్రశ్న వేస్తే ఆమె పేర్చుకున్నదంతా చెదిరిపోతుంది. భాష వచ్చిన మనిషిని తోడు తీసుకెళ్లు, ఆమె మొగుణ్నో, బడికెళ్లే కూతుర్నో మాత్రం మధ్యలో పెట్టి మాట్లాడించకు. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్‌తో కాళ్లు వంగిన పెద్దవాళ్ల దగ్గరికి వెళ్తే వాళ్లది వేరే మౌనం. ఇన్నేళ్లలో ఎంతమంది వచ్చారో, ఎన్ని ఫోటోలు తీసుకున్నారో, వాళ్లకు విసుగొచ్చింది. అక్కడ ముందు నువ్వు ఎందుకొచ్చావో, నీ వల్ల ఏం అవుతుందో, ఏం కాదో చెప్పుకో. అబద్ధపు ఆశ పెట్టకు.

అన్నిటికంటే ముందు చూడాల్సింది, అక్కడ ఇంకా ఎవరున్నారు అని. మునుగోడు దగ్గర ఒక ఊళ్లో, అప్పుల బాధతో మొగుడు పోయిన ఒక చిన్న వయసు అమ్మాయి. బోర్లు వేసి వేసి మునిగారు. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికిచ్చే పరిహారాన్ని ప్రభుత్వం 2015లో 6 లక్షలు చేసింది కదా, అది రావాలంటే ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీఏ (అసిస్టెంట్ డైరెక్టర్) ఉన్న త్రిసభ్య కమిటీ విచారించి ఇది రైతు ఆత్మహత్యే అని తేల్చాలి, దానికి అప్పుల వివరాలు కావాలి. అప్పు ఎవరి దగ్గర తెచ్చారు, మిత్తి ఎంత అని ఎన్నిసార్లు అడిగినా ఆమె కొంగు చివర ముడి వేస్తూ, విప్పుతూ కూర్చుంది. దుఃఖం అనుకున్నాను. చాలాసేపటికి గమనించాను, నేను అప్పు అన్నప్పుడల్లా ఆమె చూపు గుమ్మం దగ్గర మంచం మీద కూర్చున్న ఒకాయన వైపు పోతోంది. పలకరించడానికి వచ్చిన చుట్టం అనుకున్నా, తీరా చూస్తే అప్పిచ్చింది ఆయనే. నేను కాగితాలు సర్దేసి, "అమ్మా, బాయి కాడ పత్తి ఎట్లుందో చూద్దాం పద" అన్నాను. ఇల్లు దాటి వంద అడుగులు వేశామో లేదో మొత్తం చెప్పింది, ప్రామిసరీ నోటు ఎక్కడుందో సహా. అత్త గురించి, ఆ డబ్బు ఎవరి పేరు మీద పడుతుందో అన్న భయం గురించి కూడా.

ఎదురెదురుగా కూర్చోవడం అంత మంచిది కాదు, ముఖ్యంగా పిల్లలతో. వనపర్తి వైపు తల్లిదండ్రులు కూలీలను పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పుణె వెళ్తే అవ్వ దగ్గర ఉండిపోయిన పిల్లాడు, బడి మానేశాడు. మొదటిసారి వెళ్తే ఊఁ అని కూడా అనలేదు. రెండోసారి వెళ్లేసరికి అవ్వ పల్లికాయ ఒలుస్తోంది, నేనూ కూర్చుని ఒలవడం మొదలుపెట్టాను, వాడూ చాటలో చెయ్యి పెట్టాడు. నేను ఏమీ అడగలేదు. ఒక అరగంట అయ్యాక చాటలోకే చూస్తూ "అమ్మ ఫోన్ చేస్తలేదు" అన్నాడు. అంతే ఆ రోజుకి. చేతికి పని ఉంటే నోటి మీద బరువు తగ్గుతుంది, పైగా కళ్లలో కళ్లు పెట్టి చూడాల్సిన అవసరం ఉండదు.

నిన్ను ఊరికే బొమ్మలా కూర్చోమనడం లేదు. పెన్ను మూతపెట్టి కింద పెట్టు, ఫోన్ బ్యాగులో వెయ్యి. ఊపిరి నెమ్మదిగా పీల్చి వదులు, ఓ పదిసార్లు. ఆ తర్వాతా మాట రాకపోతే "తొందరేం లేదమ్మా" అను. ఇంకా రాకపోతే, "ఈ మాట నేను అడగకుండా ఉండాల్సిందా?" అని అడుగు, చాలామంది దీనికి జవాబు చెప్తారు. ముఖం చిట్లిస్తే, ఒళ్లు బిగపడితే ఆపెయ్యి, పిల్లల సంగతులు మాట్లాడి మళ్లీ వస్తానని చెప్పి లేచిపో. కావాలని పట్టుబట్టి మౌనంగా కూర్చోవడం కూడా ఒక రకం బెదిరింపే, పోలీసు స్టేషన్లో చేసేది అదే. ఫోన్లో మాట్లాడేటప్పుడైతే ఇవేవీ పనికిరావు, నువ్వు ఊరుకుంటే లైన్ కట్ అయిందనుకుంటారు, "ఉన్నానమ్మా, వింటున్నా" అని అప్పుడప్పుడు అంటూ ఉండాలి.

ఒక్కచోట మాత్రం ఎదురుచూడకు. మాట తగ్గిపోయి, తిండి మానేసి, పిల్లల్ని ఎవరికి అప్పగించాలో ఆలోచిస్తున్నట్టు కనిపిస్తే సూటిగా అడుగు, "చచ్చిపోవాలనిపిస్తోందా" అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకు, పుట్టదు. పురుగుల మందు డబ్బా ఇంట్లో ఎక్కడుందో అడిగి, దాన్ని ఇంట్లోంచి తీయించు, ఆమెను ఒంటరిగా వదిలి రాకు. టెలిమానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, ఆ 14416కు నీ ఫోన్ నుంచే కలిపి ఇవ్వు. ఇంకొకటి, పిల్ల ఏదో చెప్పబోయి ఆగి "ఎవరికీ చెప్పవు కదా" అంటే మాట ఇవ్వకు. పిల్లల మీద లైంగిక నేరాల గురించిన 2012 పోక్సో చట్టం ప్రకారం, అలాంటిది తెలిశాక పోలీసులకు చెప్పి తీరాలి. "నిన్ను కాపాడేవాళ్లకు మాత్రం చెప్తాను" అను. వివరాలన్నీ నువ్వే రాబట్టాల్సిన పని లేదు, వాంగ్మూలం తీసుకునే పోలీసు కూడా యూనిఫాం లేకుండా పిల్ల ఇంటికో, పిల్ల కోరిన చోటికో రావాలి.

ఆఖరి బస్సు టైం చూసుకుని వెళ్తావని తెలుసు, మా రోజుల్లోనూ అంతే. కానీ అసలు మాట ఎప్పుడూ మనం లేచి చెప్పులేసుకునేటప్పుడే వస్తుంది. "అక్కా, ఇంకో మాట" అంటారు. అందుకే బస్సుకు అరగంట ముందే లేవడం అలవాటు చేసుకో. ఆ అరగంట ఆ ఇంకో మాటకు.

కేస్ షీట్‌లో ఏమని రాశావు? "సహకరించలేదు" అని మాత్రం రాసి ఉంటే కొట్టెయ్యి. ఆ మాట ఫైల్లో పడితే తర్వాత వచ్చేవాళ్లంతా ఆమెను అదే కళ్లతో చూస్తారు. "ఇంట్లో గొడవ గురించి అడిగినప్పుడు మాట్లాడలేదు, చంటిబిడ్డను దగ్గరికి తీసుకుంది, అప్పుడు గదిలో ఫలానావాళ్లున్నారు" అని చూసింది చూసినట్టు రాయి. ఎవరున్నారో గుర్తుందా నీకు? నీ మెసేజ్‌లో అది లేదు. గుర్తు తెచ్చుకుని నాకు ఫోన్ చెయ్యి, మళ్లీ వెళ్లేముందు.

మీ పెద్దమ్మ