ఏజెన్సీ నర్సులు డ్యూటీకి వచ్చినప్పుడు

అమ్మడూ, ఆశీస్సులు.

బెంగళూరులో వార్డు ఇన్‌చార్జివయ్యావని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం. రోస్టర్‌లో ఖాళీలన్నీ ఏజెన్సీ నర్సులతో, అంటే బయటి సంస్థ కాంట్రాక్టు మీద పంపేవాళ్లతో, నింపుతున్నారని, రాత్రిళ్లు నీకు టెన్షన్‌గా ఉంటోందని కూడా అంది.

మనిషి వచ్చింది కదా, లెక్క సరిపోయింది అనుకోకు. ఆ అమ్మాయికి నీ వార్డులో క్రాష్ కార్ట్ (గుండె ఆగినప్పుడు లాక్కొచ్చే ఎమర్జెన్సీ మందుల బండి) ఎక్కడుందో కూడా తెలియదు. హ్యాండోవర్‌కు, అంటే షిఫ్టు మారేటప్పుడు పేషెంట్లను అప్పగించేదానికి, ముందు పావుగంట పక్కనుండి తిప్పి చూపించు. నువ్వు లేని షిఫ్టులో ఆ పని ఫలానా వాళ్లదని పేరు రాసిపెట్టు, లేకపోతే ఎవరూ చెయ్యరు.

మందుల్లో నాకు అన్నిటికన్నా భయం ఇన్సులిన్. మన దగ్గర మిల్లీలీటరుకు 40 యూనిట్లదీ దొరుకుతుంది, 100 యూనిట్లదీ దొరుకుతుంది. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూతది. పాత ఆస్పత్రిలో ఎర్ర మూతకు అలవాటుపడిన పిల్ల ఇక్కడ 100 యూనిట్ల సీసాలోంచి అదే సిరంజితో పది యూనిట్ల గీత దాకా లాగిందనుకో, పేషెంటుకు వెళ్లేది 25 యూనిట్లు. అర్ధరాత్రి షుగర్ పడిపోయి స్పృహ తప్పితే నిద్రపోతున్నాడనే అనుకుంటారు. అందుకే వార్డులో ఒక్క రకమే ఉంచమని ఫార్మసీతో పట్టుబట్టు. ఇన్సులిన్, హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేది), పొటాషియం క్లోరైడ్ (మోతాదు తప్పితే గుండె ఆగిపోయేది) ఏది ఇచ్చినా మన స్టాఫ్ ఒకరు పక్కన నిలబడి చూడాల్సిందే.

కష్టమైన బెడ్లన్నీ కొత్తపిల్లకు అంటగట్టడం చాలాచోట్ల చూశాను. నీ వార్డులో అది జరగనివ్వకు.

ఆంధ్రాలో చదివి వచ్చినవాళ్లయితే కర్ణాటక నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందో లేదో నీ కళ్లతో చూడు. 'అప్లై చేశాం' అని ఏజెన్సీ చెప్తే ఒప్పుకోకు. హెపటైటిస్ బి టీకాలు మూడు డోసులూ పడ్డాయా అని కూడా అడుగు.

సూది గుచ్చుకుంటే 'మీ ఏజెన్సీకి ఫోన్ చేసుకో' అనే మాట నీ నోట రాకూడదు తల్లీ. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటనివ్వకూడదు. ముందు క్యాజువాలిటీకి పంపు, కాగితాలు తర్వాత. జీతాలూ అంతే. కాంట్రాక్టరు, అంటే ఆ ఏజెన్సీ, ఎగ్గొడితే ఆస్పత్రే ఇవ్వాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలోనే ఉండేది, 2025లో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లోనూ ఉంది. ఎవరికైనా డబ్బు అందలేదని తెలిస్తే హెచ్ఆర్‌కు రాతపూర్వకంగా చెప్పు.

బాగా చేసిన పిల్లల పేర్లు ఒక నోట్‌బుక్‌లో రాసుకో. మళ్లీ అవసరమైనప్పుడు పేరు చెప్పి వాళ్లనే పంపమని అడుగు. రెండు మూడుసార్లు వచ్చిన పిల్లకు నీ వార్డు అలవాటవుతుంది, నీకూ ఆ రాత్రి కాస్త కన్ను మూతపడుతుంది.

మీ పెద్దమ్మ