పాజిటివ్ ఫిల్మ్‌కు ఇంక్ ఎంచుకునేటప్పుడు కంటికి కనిపించే నలుపును నమ్మకండి

మామూలు ఇంక్‌జెట్ ప్రింటర్‌తో స్క్రీన్ ప్రింటింగ్ పాజిటివ్‌లు (బొమ్మ నల్లగా అచ్చయిన పారదర్శక ఫిల్ములు) తీయడానికి డై ఇంక్ (రంగు ద్రవంలో కరిగి ఉండేది) కొనాలా, పిగ్మెంట్ ఇంక్ (రంగు సన్నని రేణువులుగా ఉండేది) కొనాలా అని మీరు అడిగారు. డై ఇంకే కొనండి, అయితే అది పాజిటివ్ ఫిల్మ్ కోసమే తయారుచేసినదై ఉండాలి. పిగ్మెంట్ ఇంక్ నలుపులో ఉండేది కార్బన్ కాబట్టి అది వెలుతురును బాగా ఆపుతుందని వాదించేవారు చాలామంది ఉన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు గానీ, ఆ కార్బన్ ఫిల్మ్ మీద ఎంత మందాన పడుతుందో, పడ్డాక ఎంత గట్టిగా అంటుకుని ఉంటుందో మాత్రం వారు చెప్పరు.

ఈ సంగతి నాకు ఒక చిన్న పని దగ్గర తెలిసింది. చొక్కా జేబు మీద వేయవలసిన ముద్ర అది. ఒక బొమ్మ, దాని కింద నాలుగు వరుసల సన్నని అక్షరాలు. ఫోటోల కోసం ప్రింటర్‌లో అప్పటికే పోసి ఉన్న నల్ల డై ఇంకుతోనే పాజిటివ్ తీసి కిటికీకి ఎదురుగా పట్టుకుంటే, కాటుక పూసినట్టు నల్లగా ఉంది. ఎమల్షన్, అంటే కాంతి తగిలితే గట్టిపడే పూత, రాసిన స్క్రీన్ మీద దాన్ని పరచి, లైటు పెట్టి (ఎక్స్‌పోజ్ చేసి) నీళ్లు కొడితే, నలుపు నీడ పడిన చోట పూత కడుక్కుపోయి తెరుచుకోవాలి. తీరా ఎక్స్‌పోజ్ చేసి నీళ్లు కొట్టాక బొమ్మ అతికష్టం మీద తెరుచుకుంది, అక్షరాలు అసలు తెరుచుకోలేదు. ఎమల్షన్ పాతబడిందనుకుని కొత్తది కలిపి చూశాను, ఫలితం మారలేదు. ఎక్స్‌పోజర్ ఎక్కువైందనుకుని సమయాన్ని సగానికి తగ్గిస్తే అక్షరాలైతే తెరుచుకున్నాయి గానీ, వాటి చుట్టూ ఉన్న ఎమల్షన్ కూడా సరిగ్గా గట్టిపడక, జిగటగా జారి నీళ్లతోపాటే పోయింది. సమయం తగ్గించి చూడమని అడిగినవారికల్లా సలహా ఇచ్చేవారిని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

చివరికి విసుగెత్తి, ఫిల్మ్ పక్కనే అద్దం మీద ఒక నాణెం ఉంచి మొదటి సమయానికే మళ్లీ ఎక్స్‌పోజ్ చేశాను. నాణెం నీడ పడిన గుండ్రం నీళ్లు తగలగానే తెరుచుకుని మెష్ (స్క్రీన్‌కు బిగించిన సన్నని వల) శుభ్రంగా కనిపించింది. ఆ పక్కనే ఇంకుతో అచ్చయిన నల్లటి బొమ్మ భాగంలో మాత్రం పలుచని పొర మిగిలిపోయింది. స్క్రీన్ ఒకటే, ఎమల్షన్ ఒకటే, లైటు ఒకటే. దొంగ ఎవరో అప్పటికి గానీ నాకు తెలియలేదు.

ఎమల్షన్ గట్టిపడేది మన కంటికి ఆనే వెలుతురుతో కాదు, దాదాపు 350 నుంచి 420 నానోమీటర్ల మధ్య ఉండే అతినీలలోహిత, ఊదా కాంతితో. ఫోటో ఇంకులోని రంగు కంటికి కనిపించే కాంతిని మింగేస్తూనే, ఈ కాంతిలో కొంత భాగాన్ని దాటిపోనిస్తుంది. ఒకప్పుడు చేత్తో కోసి వాడిన ఎర్రని మాస్కింగ్ ఫిల్మ్ సంగతి దీనికి సరిగ్గా తలకిందులు: దాని గుండా అవతలి వస్తువు చక్కగా కనిపిస్తుంది, ఎమల్షన్‌కు మాత్రం అది గోడతో సమానం. నలుపును కొలిచే డెన్సిటీ అంకె 2 అయితే కాంతిలో నూరో వంతు, 3 అయితే వెయ్యో వంతు మాత్రమే అవతలికి వెళుతుంది. ఆ కొలత అతినీలలోహిత కాంతికి తీసినదా, మామూలు కాంతికి తీసినదా అన్నది చెప్పకుండా, సీసా మీద కటిక నలుపు అని పెద్ద అక్షరాలతో రాసి అమ్మేవారిని ఏమనాలి? ఫిల్మ్ కోసం చేసిన డై ఇంకుల్లో ఈ కాంతిని ఆపే పదార్థాలు కలుపుతారు. మీరు డబ్బు ఇచ్చేది వాటికే.

ఆ దెబ్బతో నేనూ కొన్నాళ్లు పిగ్మెంట్ వైపు వెళ్లాను. ఫిల్మ్ మీది సూక్ష్మరంధ్రాల పూతలోకి డై ఇంక్ ఇంకిపోతుంది, పిగ్మెంట్ రేణువులు మాత్రం పైనే పేరుకుంటాయి. నలుపు చిక్కబడాలని ఇంక్ ఎక్కువ పోయించినప్పుడల్లా నాకు అది త్వరగా ఆరేది కాదు, ఆరాక గోరు తగిలితే గీత పడేది. అంత సన్నని గీత పడినా అక్కడ వెలుతురు దూరి అక్షరం తెగిపోతుంది.

అన్నట్టు, ఏ ఫిల్మ్ వాడుతున్నారో మీరు రాయలేదు. ఇంక్ గురించి అడిగే ప్రతివారూ ఇదే చేస్తారు. పూత లేని ప్లాస్టిక్ షీటు మీద ఎంత మంచి డై ఇంక్ అయినా తామరాకు మీద నీటిబొట్టులా ముద్దకట్టి నిలబడుతుంది. పూత ఉన్న ఫిల్మ్ తేమను పీల్చి అంటుకుంటుంది కాబట్టి దాన్ని మూత ఉన్న కవరులో దాచాలి, స్క్రీన్ పూర్తిగా ఆరాకే దాని మీద పరచాలి. ఇంక్ పలుచగా ఉందని రెండు పాజిటివ్‌లను ఒకదాని మీద ఒకటి అతికించే పద్ధతి పెద్ద అక్షరాలకు పనికొస్తుందేమో గానీ, హాఫ్‌టోన్ చుక్కల (రంగు ఛాయలను చూపే సన్నని చుక్కల) దగ్గర రెండూ కచ్చితంగా కలవక పని పాడవుతుంది.

కొత్త ఇంక్ పోసిన ప్రతిసారీ నాణెం పరీక్ష చేస్తాను. ఇంకు నలుపు, నాణెం నీడ ఒకే వేగంతో తెరుచుకుంటేనే దానితో అసలు పని మొదలుపెడతాను. ఆనాటి ఫోటో ఇంకును మాత్రం పారేయలేదు. రంగుల అమరిక సరిచూసుకునే కాగితపు ప్రూఫ్‌లు తీయడానికి అది ఇప్పటికీ పనికొస్తోంది.